మూడు రోజుల ఓడ, ఏడు రోజుల ఓడ

మార్చి 2

అక్కకి,

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగానే ఉంటావని నాకు తెలుసు కాబట్టి అడగను.

నీ కూతురు పొట్టి ఫోన్ చేసింది. అది పనిచేసే ఓడ టికెట్ల ఆఫీసులో ఈ ఏడు సిబ్బంది ఇళ్ళలోని పెద్దవాళ్ళని ఇద్దరిద్దరిని ఓడ ఎక్కించి తిప్పి తెస్తారట. మన ఇంట్లో ఆ ఇద్దరు నువ్వూ నేనూ. ఒక గది, రెండు మంచాలు. మూడు రాత్రులది ఒకటుంది, అయిదుది ఒకటి, ఏడుది ఒకటి. ఏది కావాలో ఇరవయ్యో తారీఖు లోపల చెప్పాలట. "మామయ్యా, అమ్మా నువ్వూ మాట్లాడుకుని ఒక మాట మీదకి రండి" అంది. మనిద్దరం ఒక మాట మీద ఉండటం అది పుట్టిన దగ్గర్నుంచీ చూసి ఎరగదు. అయినా ఆశ, పాపం.

ఫోన్లోనే తేల్చుకుందాం అంటావు. వద్దు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, చివరికి నేను ఒప్పుకున్నట్టు తేలుతుంది. అందుకే రాస్తున్నాను. నా చదువు నీకు తెలుసు. అయిదో తరగతి సగంలో బడి నన్ను వదిలేసింది. నేనే బడిని వదిలేశానని అందరికీ చెప్పుకుని బతికాను.

నా మాట చెప్తున్నాను. మూడు.

ఎందుకంటే దుకాణం. ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాను. ఈ బజారులో ఏ దర్జీ మిషను మొండికేసినా నా దగ్గరకే రావాలి. నేను రెండు రోజులకు మించి షట్టరు దించింది ఒక్కసారే, నీ మరదలు పోయినప్పుడు, నాలుగు రోజులు. అప్పుడు కూడా పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు పాడైపోయిన బాబిన్ కేసులు జేబులో వేసుకొచ్చారు. ఒకాయనైతే ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ రెండో చేత్తో బయటికి తీశాడు. అలాంటి గిరాకీ నాది. వారం రోజులు నేను నీళ్ళ మీద తేలుతూ కూర్చుంటే ఈ బజారంతా చిరుగు బట్టలతో తిరగాలి.

ఇంకో సంగతి. సముద్రం చూడటానికి నన్నడిగితే ఒక పూట చాలు. ఇటు చూస్తే నీళ్ళు, అటు చూస్తే అవే నీళ్ళు. నీ మొహం చూసి మూడు అన్నాను.

ఇంకా రాయొచ్చు గానీ వేలు నొప్పిగా ఉంది.

నీ తమ్ముడు


మార్చి 5

ఒరేయ్,

నీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పూట పట్టింది. నీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి తోసుకుంటున్నాయి. అచ్చం నీలాగే, పక్కవాడికి చోటివ్వవు.

ఏడు రాత్రులది తీసుకుందాం. ఊరికే అనడం లేదు. పొట్టిని కూర్చోబెట్టి అరగంట విచారించాను. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెనుగా చేసినదాన్ని, నా దగ్గర సంగతి దాచడం కష్టం. విను. మొదటి రోజు మధ్యాహ్నం దాకా వరసలో నిలబడటమే. ఎక్కాక మన గది ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ మీదట ఓడ మునిగితే ఏం చెయ్యాలో అందరినీ నిలబెట్టి పాఠం చెప్తారట, అది వినాలి. ఆఖరి రోజు పొద్దున్నే ఫలహారం పెట్టి పంపేస్తారు. అంటే నీ మూడు రాత్రుల్లో మనకి దక్కేది రెండు రోజులు. ఆ రెండు రోజులూ కొత్తవాళ్ళకి కడుపులో తిప్పుతుందట. తిప్పడం తగ్గి, హమ్మయ్య అని రైలింగు పట్టుకుని నిలబడేసరికి "ఇక దిగండి" అంటారు. వాంతులు చేసుకోవడానికి ఓడ దాకా ఎందుకురా, మన ఇళ్ళల్లో బకెట్లు లేవూ?

"అమ్మా, మొదటిసారి కదా, ఎలా ఉంటుందో చూద్దామని చాలామంది మూడే తీసుకుంటారు" అంది పొట్టి.

"దిగాక ఏమంటారే?"

"ఇంకో రెండు రోజులుంటే బాగుండేదంటారు."

"మరి ఏడు తీసుకున్నవాళ్ళు?"

"వాళ్ళలో కొంతమంది అయిదో రోజు నుంచీ ఇంటికి ఎప్పుడు పోతామా అని రోజులు లెక్కపెడతారు."

ఆ కొంతమందిలో నువ్వుంటావని నాకు తెలుసు. లెక్కపెట్టుకో. నీకు లెక్కలు రావు కాబట్టి నెమ్మదిగా గడుస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దుకాణం అంటావు. దుకాణం కాదు, నేను. తొమ్మిదేళ్ళ కిందట మీ బావకి ఒంట్లో బాగాలేదని, నాలుగు రోజులుంటానని వచ్చి రెండో రోజు మధ్యాహ్నమే బస్సెక్కావు. నేనేమన్నానని? అడక్కుండా నా కుట్టుమిషను విప్పి బల్లంతా పరిచావు. "నువ్వు ముట్టుకోకముందు బాగానే నడిచిందిరా" అన్నాను. ఆ మాటకి కంచంలో సగం అన్నం వదిలేసి పోయావు. ఆ తర్వాత నా గడప తొక్కింది మీ బావ పోయిన రోజు. అదీ సాయంత్రానికల్లా తిరిగిపోయావు. కాబట్టి నా లెక్క ప్రకారం మనిద్దరం ఒక కప్పు కింద ఉండగలిగేది ఒకటిన్నర రోజు. నువ్వు మూడు అన్నావంటే నాకు రెట్టింపు ఇచ్చినట్టే. సంతోషం.

నా వరకు నేను ఉండగలను. ఆ ఓడ గది తొమ్మిదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవట. మా ముందు గదిలో అంత చోటు కొలిచి చుట్టూ తాడు కట్టాను. రేపట్నుంచి ఏడు రోజులు ఆ తాడు లోపలే నా మకాం. నీ సంగతి నువ్వు చూసుకో.

అక్క


మార్చి 8

అక్కకి,

ఇంట్లో తాడు కట్టుకుని కూర్చున్న మనిషితో ఎవరైనా ఏం వాదిస్తారు?

అయినా ఒకటి చెప్తాను. నువ్వు రాసింది తప్పు. నీ మూలంగా మూడు అనలేదు. దుకాణం మూలంగానే అన్నాను. నమ్మకపోతే రుజువు చేస్తాను. నేను ఏ మిషనునీ పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి చూడకుండా తిరిగి ఇవ్వను. ఈ ఓడనీ అలాగే చూసి ఎక్కుతాను.

రేపు సోమవారం. రేపట్నుంచి షట్టరు దించేస్తున్నాను. "వారం రోజులు ఉండను" అని బోర్డు కడతాను. ఎదురుగా సెలూన్ ఉంది. అక్కడ కుర్చీలో కూర్చుంటే ముందున్న అద్దంలో నా దుకాణం మెట్ల దగ్గర్నుంచి కనబడుతుంది. నేను మాత్రం వీధికి వీపు తిప్పి ఉంటాను, ఎవరూ పట్టలేరు. ఎన్నో రోజుకి జనం గొల్లుమంటారో చూస్తాను. రెండో రోజుకే గొల్లుమన్నారా, ఓడ లేదు గీడ లేదు. నాలుగో రోజుకి అన్నారా, మూడు రాత్రులది. వారమంతా ఓర్చుకున్నారా, నీ ఏడు నీకు. ఇంతకంటే న్యాయం కోర్టులో కూడా దొరకదు.

సెలూన్ ఆయనతో మాట్లాడాను. "అన్నా, ఊరికే కూర్చుంటే నా గిరాకీకి అడ్డం. కుర్చీ ఎక్కావంటే మాత్రం నేనేదో ఒకటి గొరగాలి" అన్నాడు. గొరగమన్నాను.

ఏం జరిగిందో రాస్తాను. ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు, అది వేరే సంగతి.

నీ తమ్ముడు


మార్చి 12

అక్కకి,

చెప్పానా లేదా?

నాలుగు రోజుల్లో పదకొండు మంది. ఒకావిడ కుట్టుమిషను తలకాయ విప్పించి బండిలో వేసుకుని మరీ వచ్చింది. బోర్డు చదివి మెట్ల మీద కూలబడింది. ఇద్దరు దర్జీలు షట్టరు కొట్టి కొట్టి వెళ్ళారు. పక్క కొట్టు ప్లాస్టిక్ బకెట్ల ఆయన "ఎప్పుడొస్తాడు, ఎప్పుడొస్తాడు" అన్నవాళ్ళకి జవాబు చెప్పలేక గొంతు పోగొట్టుకున్నాడు. నేను అద్దంలో చూస్తూ కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, లేచి పరిగెత్తకుండా.

ఇలాంటి పరిస్థితిలో మూడు కూడా ఎక్కువే. కానీ నోరు జారి అనేశాను, మాట మాటే. మూడు అని పొట్టికి చెప్పెయ్యి. తాడు విప్పెయ్యి.

తీరిక లేదు, ఇంతటితో ఆపుతున్నాను.

నీ తమ్ముడు


మార్చి 14

తమ్ముడూ,

నీ ఉత్తరం తాడు లోపల కూర్చునే చదివాను. రెండుసార్లు చదివాను. పక్కింటావిడని పిలిచి ఆవిడకీ వినిపించాను.

పదకొండు మంది! నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నా మీద కోపంతోనే మూడు అన్నావనుకున్నాను. నీ పని మీద జనం ఇంతగా ఆధారపడి ఉన్నారని నాకేం తెలుసు? అంత అవసరమైన మనిషిని నా సరదా కోసం నీళ్ళ మీదకి లాక్కుపోవడం పాపం. మూడు రోజులకి కూడా వద్దు. నువ్వు నీ దుకాణంలోనే ఉండు.

హాస్టల్లో నాతో పాతికేళ్ళు చేసిన వంటావిడ గుర్తుందిగా? ఆవిడ నాతో వస్తుంది. ఇరవయ్యో తారీఖు పొద్దున మా ఇద్దరి పేర్లూ ఏడు రాత్రులదానికి రాయించమని పొట్టికి చెప్తాను. నీకు ఓడ బొమ్మ ఉన్న కార్డు ఒకటి పంపిస్తాను, గోడకి అతికించుకో. పని మధ్యలో చూసుకోవచ్చు.

నేను తాడు లోపల ఏడు రోజులూ పూర్తిచేశాను. ఏ ఇబ్బందీ లేదు.

అక్క


మార్చి 16

అక్కకి,

వంటావిడని ఆపు. ముందు ఆపి, తర్వాత కింద రాసింది చదువు. చదివాక చించెయ్యి.

పదకొండు మంది రాలేదు.

సోమవారం కుర్చీ ఎక్కి గడ్డం గీయించుకుంటున్నాను. ఒక మనిషి నా దుకాణం ముందు ఆగాడు. బోర్డు చదివాడు. దగ్గరకెళ్ళి మళ్ళీ చదివాడు. నా గుండె ఉప్పొంగింది. "చూశావా, ఇంకా పది గంటలు కాలేదు" అన్నాను సెలూన్ ఆయనతో. ఆ మనిషి నేరుగా రోడ్డు దాటి సెలూన్లోకే వచ్చాడు. బోర్డులు రాసే పెయింటరట. "ఎదురు కొట్టు బోర్డు ఎవరు రాశారండీ? ఎంత ఘోరంగా ఉంది! ఆయనొస్తే నా నంబరు ఇవ్వండి" అన్నాడు. కాగితం నా చేతికే ఇచ్చాడు. మొహం నిండా నురగ, నేనేం చెప్తాను? తీసుకున్నాను.

మంగళవారం ఎవరూ రాలేదు. నిన్న గీసిన గడ్డమే మళ్ళీ గీశాడు. చర్మం తప్ప అక్కడ ఏమీ లేదు. బుధవారం జుట్టు కత్తిరించాడు. అదీ ఎంతసేపు, నా తల మీద ఉన్నదెంత? తర్వాత మర్దన అని మొదలుపెట్టాడు. తలని ఇటు తిప్పితే నా దుకాణం కనబడదు, అటు తిప్పితే కనబడుతుంది. "ఇటే ఉంచు" అంటే "ఒక పక్కే మర్దన చేస్తే మెడ పట్టేస్తుందన్నా" అంటాడు. పట్టేసింది. ఈ ఉత్తరం పక్కకి తిరిగి రాస్తున్నాను.

గురువారం ఒకావిడ వచ్చింది. మిషను తలకాయ, బండి, అదంతా నిజమే. కూలబడింది అని రాశాను చూడు, అది అబద్ధం. ఆవిడ బకెట్ల ఆయన్ని అడిగింది. ఆ మాటలు సెలూన్ దాకా వినిపించాయి.

"ఈయన ఎప్పుడొస్తాడండీ?"

"వారం దాకా రాడమ్మా, బోర్డు పెట్టాడుగా."

"నిజంగా రాడా?"

"రాడు."

"అమ్మయ్య! ఇది బాగవుతుంది, కొత్తది ఎందుకు అని మా ఆయన ఒకటే గోల. బాగుచేసేవాడే లేడని చెప్తాను. మీరు సాక్ష్యం."

బండివాడితో సహా నవ్వుకుంటూ పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా వల్ల అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు. ఆ సాయంత్రమే నీకు పదకొండు మంది అని రాశాను.

శుక్రవారం సెలూన్ ఆయన దువ్వెన కింద పెట్టేశాడు. "అన్నా, నీ తల మీద నాకింక పని లేదు. మిగిలింది మీసం ఒక్కటే" అన్నాడు. సరిగ్గా అప్పుడే నా దుకాణం ముందు లారీ ఒకటి ఆగింది. నేను అద్దంలోంచి చూపు తిప్పలేదు. "ఏదో ఒకటి చెయ్యి, నన్ను మాత్రం లేవనివ్వకు" అన్నాను. చేశాడు. లారీ ఆగింది బకెట్లు దించడానికి. నా మెట్ల మీద దించారు. నాకు మీసం లేదు, మెట్లు లేవు.

శనివారానికి ఆ బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెరిగి నా బోర్డుని కప్పేశాయి. ఆదివారం ఇక ఆగలేక రోడ్డు దాటి వెళ్ళి "ఇవి తీయించు" అన్నాను.

బకెట్ల ఆయన నన్ను పైకీ కిందకీ చూసి "మీరెవరండీ?" అన్నాడు.

"నేనయ్యా!"

గొంతు పోల్చుకున్నాడు. "అన్నా, నువ్వా! మీసం ఏది? లోపలేగా ఉన్నావు, ఎప్పుడు తీయించావు?"

"లోపల లేను. వారం నుంచి లేను. బోర్డు చూడలేదా? అందరికీ నువ్వే చెప్తున్నావు కదా, వారం దాకా రాడని!"

"ఒక్కావిడే కదన్నా అడిగింది. నువ్వు తలుపేసుకుని లోపల పని చేసుకుంటున్నావు, ఎవరినీ రానివ్వద్దని బోర్డు పెట్టావు అనుకున్నాను."

పైగా నా మీద గౌరవంతో అన్నాడు. అదే ఇంకా మంట.

ఇప్పుడు మూడు అని ఎందుకన్నానో చెప్తాను. మూడు రోజులు మూస్తే, ఎవరూ రాకపోయినా, పోనీలే, ఈ మూడు రోజుల్లో ఎవరి మిషనూ పాడవలేదు అనుకోవచ్చు. ఏడు రోజులు మూస్తే అలా అనుకోవడానికి ఉండదు. ఏడాది నుంచీ నాకీ సంగతి లోపల తెలుస్తూనే ఉంది. రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, బాగున్న మిషనునే విప్పి మళ్ళీ బిగిస్తాను, పని ఉన్నవాడిలా కనబడాలి కదా. నీ మిషను విప్పిన రోగం ఇప్పుడు నా మిషన్లకి పట్టింది.

నాకు నీతో రావాలని ఉంది. మూడైనా సరే, అయిదైనా సరే, ఏడైనా సరే. నన్ను తీసుకెళ్ళు.

ఈ ఆఖరి మాట రాయడానికి నాలుగు కాగితాలు పాడుచేశాను.

నీ తమ్ముడు


మార్చి 18

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

పొట్టికి ఫోన్ చేశాను. నువ్వూ నేనూ, ఏడు రాత్రులు. "మామయ్య ఒప్పుకున్నాడా? ఎలా?" అంది. బుద్ధి తెచ్చుకున్నాడని చెప్పాను. వివరం చెప్పలేదు. అది నవ్వితే ఆఫీసంతా వినబడుతుంది.

వంటావిడని నేను అసలు అడగనే లేదు. ఆవిడకి సిటీ బస్సులోనే తల తిరుగుతుంది, ఓడ ఎవరెక్కిస్తారు? పదకొండు మంది అని నువ్వు రాయగానే నాకు తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ళు నూట ఇరవై మంది పిల్లలు చెప్పిన అబద్ధాలు విన్నాను. పది అంటే ఎదుటివాళ్ళు నమ్మరని పదకొండు అంటారు. కాస్త పొగిడి వదిలేస్తే నిజం దానంతటదే బయటికి వస్తుంది. వచ్చింది. కానీ ఇంత వస్తుందనుకోలేదు. నవ్వి నవ్వి పక్క పట్టేసింది. తర్వాత కాసేపు నవ్వు రాలేదు.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్తాను. తాడు లోపల ఏడు రోజులు లేను. ఒకటిన్నర రోజు. రెండో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైతే, ఎవరో వచ్చారన్న సంబరంలో తాడు సంగతి మర్చిపోయి బోర్లా పడ్డాను. వచ్చింది పక్కింటావిడ. లేవదీసి "ఈ తాడేంటండీ?" అంది. బట్టలారేసుకోవడానికి అన్నాను. "మోకాలి ఎత్తులోనా?" అంది. ఆవిడ నన్ను ఇప్పుడు రోజుకి రెండుసార్లు వచ్చి చూసిపోతోంది.

గది చిన్నదని కాదురా, నేను తట్టుకోలేకపోయింది. చప్పుడు లేకపోవడం. పక్కన ఇంకో మంచం మీద ఒక మనిషి కూర్చుని సణుగుతుంటే పదిహేనడుగులు నాకు చాలా ఎక్కువ. ఏడు ఎందుకన్నానో అర్థమైందా?

బట్టలు తెచ్చుకో. పనిముట్ల పెట్టె తేకు.

అక్క


ఏప్రిల్ 10, ఓడలో

అక్కకి,

ఇది ఓడ వెనక వైపు, పైనుంచి రెండో అంతస్తులో, పసుపు రంగు కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. మన గది సర్దే ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. నీతో నేను మాట్లాడను.

చించెయ్యమన్నాను. నువ్వు చించలేదు. సంచీలో పెట్టుకుని సముద్రం దాకా తెచ్చావు. తెచ్చి, మన భోజనాల బల్ల దగ్గర మనతో కూర్చోబెట్టారని తప్ప ముక్కూ మొహం తెలియని ఆ బస్సు డ్రైవరుగారి ముందు, ఆయన భార్య ముందు, నా మొహం ముందే తీసి గట్టిగా చదివావు. పెయింటరు దగ్గర మొదలుపెట్టి బకెట్ల దాకా. ఆయన నవ్వి నవ్వి నీళ్ళ గ్లాసు పడగొట్టాడు. ఆవిడైతే నా పై పెదవి వంకే చూసి నవ్వింది, ఇంకా సగమే మొలిచింది కదా, చూడటానికి బాగుంటుంది.

ఇంట్లో అయితే బస్సెక్కేవాణ్ణి. ఇక్కడా ఆ ఉద్దేశంతోనే లేచాను. గబగబా నడిచి రైలింగు దాకా వెళ్ళాను. అక్కడ నీళ్ళు మొదలయ్యాయి. కాసేపు కోపంగా నిలబడ్డాను. ఎంతసేపు నిలబడినా ఓడ ఆగదు కదా, వెనక్కొచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను.

నువ్వన్న లెక్క సరిపోయింది. నిన్న మధ్యాహ్నం ఎక్కాం. ఒకటిన్నర రోజు కూడా కాలేదు.

పడుకోవడానికి గదికి వస్తాను, వేరే చోటు లేదు కాబట్టి. గోడ వైపు తిరిగి పడుకుంటాను. పలకరించకు.

నీ తమ్ముడు

ఇంకో మాట. ఓడలో కుట్టుమిషను ఏదైనా ఉందా, చూస్తానని అడిగాను. ఉందట. బాగానే నడుస్తోందట.


ఏప్రిల్ 11, నీ కాగితం వెనకే రాస్తున్నాను

తమ్ముడూ,

గది సర్దే ఆయన ఈ కాగితాన్ని కొంగ ఆకారంలో మడిచిన తువ్వాలు ముక్కులో పెట్టి నా మంచం మీద ఉంచాడు. మన గొడవ ఓడ సిబ్బంది అందరికీ తెలిసినట్టుంది.

చదవడం తప్పే. డ్రైవరుగారి భార్య "మీ తమ్ముడుగారు ఏం చేస్తారు?" అని అడిగింది. చెప్పబోతే మాటలు చాలలేదు. నువ్వు రాసినట్టు నేను చెప్పలేను. అందుకే తీసి చదివాను. ఎందుకు చించలేదంటావా? ఇంతవరకు నువ్వు రాసినవాటిలో నిజం ఉన్న ఉత్తరం అదొక్కటే. ఆ నెలంతా దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో నీకు తెలియదు.

నువ్వు లేచిపోయావు కాబట్టి తర్వాత సంగతి వినలేదు. డ్రైవరుగారు కళ్ళు తుడుచుకుని ఏం చెప్పారో తెలుసా? ఆయన ఇరవై ఆరేళ్ళు ఒకే రూటులో బస్సు నడిపారట. రిటైరయ్యాక నెల రోజులపాటు రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ రూటు బస్‌స్టాపులో కూర్చున్నారట, తను లేకపోతే బస్సు ఎంత ఆలస్యంగా వస్తుందో చూద్దామని. "ఒక్క రోజు ఆలస్యమైతే ఒట్టు" అన్నారు. అందుకే గ్లాసు పడిందిరా. నీ మీద నవ్వి కాదు.

ఆవిడకి కూడా ఆ నెల రోజుల సంగతి నిన్నే తెలిసిందట. నడకకి వెళ్తున్నానని చెప్పేవారట.

గోడ వైపు తిరిగి పడుకున్నా నీ గురక ఇటే వచ్చింది. బాగానే నిద్రపోయాను.

అక్క


ఏప్రిల్ 12, పసుపు కుర్చీ

అక్కకి,

ఈ పొద్దున మనం ఎక్కిన రేవుని దూరంగా దాటుతుంటే పక్కగా ఇంకో ఓడ పోయింది. మనదాని కంటే చిన్నది. రైలింగు దగ్గర నిలబడ్డ ఒకాయన చెప్పాడు, అది మూడు రాత్రులదట, మనతోనే బయలుదేరి ఇప్పుడు వెనక్కి పోతోందట. దాని మీద జనం పెట్టెలు పక్కన పెట్టుకుని నిలబడి ఉన్నారు. నేను చాలాసేపు చూశాను.

మనం దాంట్లో ఉంటే ఈ పూట దిగేవాళ్ళం. నేను ఒక బస్సు, నువ్వు ఒక బస్సు. మాట్లాడుకోకుండానే పోయేవాళ్ళం. నాకు కోపం తీరడానికి తొమ్మిదేళ్ళు పడుతుందని లెక్క ఉంది కదా. అప్పటికి నాకు ఎనభై, నీకు ఎనభై నాలుగు. తీరిన కోపం ఎవరికి చెప్పుకోవాలి? అదే ఇక్కడ రెండు రోజులకే తీరింది. పోవడానికి చోటు లేక తీరింది, నీ మంచితనం వల్ల అనుకోకు. పొట్టికి చెప్పాలి, కొత్తవాళ్ళు ఎన్ని రోజులది తీసుకోవాలని అడిగితే, ఎవరితో వెళ్తున్నారో ముందు అడగమని.

ఇంకా నాలుగు రోజులున్నాయి. సరిపోతాయో లేదో.

మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాను. డ్రైవరుగారి పక్కన కుర్చీ నాకు ఉంచు. ఆ బస్‌స్టాపు సంగతి ఆయన మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి, నేను ఆయన నోటితో వినాలి. ఆయనది అయ్యాక నాది. నువ్వు కాగితం తీయకు, నేనే చెప్తాను. నువ్వు చదివినప్పుడు లారీ దగ్గర తొందరపడ్డావు, వాళ్ళకి సరిగ్గా నవ్వు రాలేదు. అక్కడ కొంచెం ఆగాలి.

నీ తమ్ముడు